కంటి రాడ్లలో కాల్షియం చేరితే చూపు పోతుందా? పాలు, పెరుగు మానేయాలా?

అడిగిన ప్రశ్న ఇది: "మా తమ్ముడికి 16 ఏళ్లు. చిన్నప్పటి నుంచీ రేచీకటి. రెటీనా కణాల్లోకి కాల్షియం ఎక్కువగా చేరితే అవి చచ్చిపోతాయని ఎక్కడో చదివి ఇంట్లో చెప్పాను. అప్పటి నుంచి మా నానమ్మ వాడికి పాలు, పెరుగు బంద్ చేసింది. బీపీకి వాడే కాల్షియం బ్లాకర్ మాత్రలు దీనికి పనికొస్తాయని కూడా చదివాను. నిజమేనా? అసలు ఆ కణాలు కాల్షియాన్ని ఎలా అదుపులో పెట్టుకుంటాయి?"

ముందు మీ నానమ్మగారికి చెప్పండి, పిల్లాడికి పెరుగన్నం నిక్షేపంగా పెట్టొచ్చు. మాత్రల సంగతి కింద రాస్తాను. కొంచెం పొడుగ్గా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. మీరు చదివినదాంట్లో సగం నిజం ఉంది, ఆ సగం కోసమే నేను ఐదేళ్లు చీకటి గదిలో కూర్చున్నాను.

నేను డాక్టర్ని కాదు. అమెరికాలో పీహెచ్‌డీ చేసేటప్పుడు మా ల్యాబ్ పనంతా సాలమాండర్ కళ్లలోని రాడ్ల మీద. స్కూల్లో దండాలు, శంకువులు అని చదువుకున్నామే, ఆ దండాలే రాడ్లు, శంకువులే కోన్లు. సాలమాండర్ చూడ్డానికి బల్లిలా ఉంటుంది కానీ కప్పల్లాగా ఉభయచరం. దాని రాడ్లు బాగా లావు, సుమారు 11 మైక్రాన్ల వెడల్పు. మన రాడ్ వెడల్పు 2 మైక్రాన్లే. అందుకే ఈ పని నేర్చుకునేవాళ్లకి ముందు సాలమాండర్‌ని ఇస్తారు.

జంతువుని రాత్రంతా చీకట్లో ఉంచాలి. పొద్దున్నే ఇన్‌ఫ్రారెడ్ గాగుల్స్ పెట్టుకుని, వెలుగు చుక్క తగలకుండా రెటీనా బయటికి తీయాలి. ఒక్కో రాడ్‌ని సన్నటి గాజు గొట్టంలోకి మెల్లగా పీల్చి, దాంట్లో పారే కరెంటు కొలవాలి. డెనిస్ బేలర్, ట్రెవర్ లాంబ్, కింగ్-వై యావ్ 1979లో ప్రచురించిన పద్ధతి ఇది. కరెంటు కొలిచేది పికోఆంపియర్లలో. ఒక పికోఆంపియర్ అంటే ఆంపియర్‌లో లక్ష కోట్లో వంతు.

రెండో సంవత్సరంలో ఒక రోజు కణాలకు పోసే రింగర్ ద్రావణం నేనే కలిపాను. చారులో ఉప్పు మరిచిపోయినట్టు అందులో కాల్షియం క్లోరైడ్ వేయడం మరిచిపోయాను. ఆ సంగతి నాకు మధ్యాహ్నం దాకా తెలీదు. మామూలుగా చీకట్లో 40 పికోఆంపియర్ల దగ్గర నిలకడగా ఉండే కరెంటు ఆ రోజు ఎన్నో రెట్లు పెరిగి కూర్చుంది. మిషనే పాడైందనుకుని టెన్షన్‌తో వైర్లన్నీ విప్పి మళ్లీ బిగించాను. ఫ్లాష్ కొడితే కణం స్పందిస్తోంది కానీ బద్ధకంగా, ఎంతో ఆలస్యంగా. కొన్ని నిమిషాలకి కరెంటు జావగారిపోయింది. ఇంకో రాడ్ పట్టాను, అదీ అంతే.

చివరికి సీసా మీద నా చేతిరాత చూసుకుంటే అర్థమైంది. అప్పుడు అసలు ప్రశ్న మొదలైంది. లోపలికి వచ్చే కరెంటులో కాల్షియం కూడా ఒక భాగం కదా, బయట కాల్షియం లేకపోతే కరెంటు తగ్గాలి. పెరగడమేంటి? మా గైడ్ నవ్వి, యావ్, మెక్‌నాటన్, హాడ్జ్‌కిన్ కలిసి 1981లో రాసిన పేపర్ చేతిలో పెట్టారు. నేను పొరపాటున చేసింది వాళ్లు కావాలనే చేసి చూశారు. మీ ప్రశ్నకి జవాబు ఈ తికమకలోనే ఉంది, కాబట్టి అక్కడి నుంచే చెప్తాను.

చీకట్లో కన్ను విశ్రాంతిగా ఉంటుందని అనుకుంటాం. రాడ్‌కి మాత్రం చీకటంటేనే పని. రాడ్ పైభాగాన్ని ఔటర్ సెగ్మెంట్ అంటారు. దాన్నిండా వెలుగుని పట్టే రోడాప్సిన్ అనే ప్రోటీన్ పొదిగిన పల్చటి బిళ్లలు అప్పడాల కట్టలా పేర్చి ఉంటాయి. దాని పొర మీదున్న గేట్లలో కొన్ని చీకట్లో తెరిచే ఉంటాయి. వాటిని తెరిచి పట్టుకునేది సైక్లిక్ జీఎంపీ అనే చిన్న అణువు. ఆ గేట్లలోంచి సోడియం ధారగా లోపలికి వస్తుంది, దాని వెంటే కాల్షియం. రాడ్లలో ఈ కరెంటులో కాల్షియం వాటా 10–15 శాతం ఉంటుంది. వచ్చిన సోడియాన్ని బయటికి తోడటానికి కణం విపరీతంగా ఖర్చు పెడుతుంది. ఎలుక రాడ్ ఒక్కటి చీకట్లో సెకనుకు సుమారు 10 కోట్ల ఏటీపీ అణువులు (కణానికి ఇంధనం అవే) ఖర్చు చేస్తుందని 2008లో లెక్క కట్టారు. ఎండలో ఆ ఖర్చు నాలుగో వంతు కన్నా తక్కువకి పడిపోతుంది. అంటే మనం లైట్లార్పి పడుకున్నాకే మన రాడ్లకి డ్యూటీ ఎక్కువన్నమాట.

వెలుగు పడగానే రోడాప్సిన్ మేల్కొని ట్రాన్స్‌డ్యూసిన్ అనే ఇంకో ప్రోటీన్‌ని లేపుతుంది, అది పీడీఈ6 అనే ఎంజైమ్‌ని లేపుతుంది, ఆ ఎంజైమ్ సైక్లిక్ జీఎంపీని విరగ్గొడుతుంది. పట్టుకునే చెయ్యి పోయాక గేట్లు మూసుకుంటాయి. కరెంటు ఆగిపోవడమే మెదడుకి వెళ్లే కబురు.

ఇప్పుడు కాల్షియం. కణం బయట దాని గాఢత సుమారు 1 మిల్లీమోలార్. లోపల, ఎలుక రాడ్లలో కొలిస్తే, చీకట్లో 250 నానోమోలార్. నానో అంటే మిల్లీలో పది లక్షలో వంతు, కాబట్టి నాలుగు వేల రెట్ల తేడా. ఈ తేడాని నిలబెట్టేది ఔటర్ సెగ్మెంట్ పొర మీదున్న ఒక మారకపు యంత్రం, పేరు ఎన్‌సీకేఎక్స్1. నాలుగు సోడియం అయాన్లను లోపలికి రానిచ్చి, ఆ ఊపుతో ఒక కాల్షియం అయాన్‌ని, దాంతో పాటు ఒక పొటాషియం అయాన్‌ని బయటికి నెడుతుంది. ఔటర్ సెగ్మెంట్‌లో మైటోకాండ్రియాలు ఉండవు, కాల్షియం దాచుకునే వేరే అరలు కూడా చెప్పుకోదగ్గవి లేవు. ఉన్న దిక్కల్లా ఈ యంత్రమే.

పొటాషియం ఎందుకని నేనూ మొదట్లో అడిగాను. గుండె కణాల్లో ఇలాంటి యంత్రమే సోడియం ఒక్కదానితో నడుస్తుంది. రాడ్‌లోకి చీకట్లో సోడియం ఎడతెగకుండా వచ్చి పడుతూ ఉంటుంది కాబట్టి సోడియం తోపు ఒక్కటే చాలదు, పొటాషియం తోపు కూడా తోడు తెచ్చుకుంది. చెర్వెట్టో, లాగ్నాడో, మెక్‌నాటన్ బృందం 1989లో ఈ సంగతి తేల్చింది. నాకు ఇప్పటికీ ముచ్చటేసే విషయం ఏంటంటే, ఈ యంత్రం పని చేయడం కంటికి కనిపిస్తుంది. నాలుగు ప్లస్‌లు లోపలికి, మూడు ప్లస్‌లు బయటికి. ప్రతి మారకానికీ ఒక ప్లస్ లోపల మిగులుతుంది, అంటే అది కూడా చిన్న కరెంటే. గట్టి ఫ్లాష్ కొట్టి గేట్లన్నీ మూయించినా కరెంటు ఒక్కసారిగా సున్నాకి పోదు. రెండు మూడు పికోఆంపియర్ల చిన్న తోక మిగిలి, ఒకటి రెండు సెకన్లలో మెల్లగా దిగుతుంది. ఆ తోక దిగడమంటే లోపలి కాల్షియం ఖాళీ అవుతున్నట్టు. స్క్రీన్ మీద మొదటిసారి దాన్ని గుర్తుపట్టిన రోజు నేను ఇంటికి ఫోన్ చేసి అమ్మకి చెప్పాను. పాపం ఆవిడ "తిన్నావా" అని అడిగింది.

ఓటికుండని ఊహించుకోండి. నీళ్లు పోస్తూనే ఉంటే మట్టం ఒక చోట నిలబడుతుంది. పోయడం ఆపితే దిగిపోతుంది. చీకట్లో గేట్లు పోస్తుంటాయి, యంత్రం తోడుతుంటుంది, మట్టం 250 దగ్గర నిలుస్తుంది. వెలుగొస్తే పోయడం ఆగుతుంది, తోడటం ఆగదు. మంచి వెలుగులో ఎలుక రాడ్‌లో కాల్షియం సుమారు 23 నానోమోలార్‌కి పడిపోతుంది, పదో వంతుకి. పోలిక ఇక్కడి దాకానే. మామూలు కుండకి తనలో నీళ్లు ఎంతున్నాయో తెలీదు, రాడ్‌కి తెలుసు.

ఎలా తెలుసంటే, లోపల కాల్షియాన్ని పట్టుకుని తిరిగే కొన్ని ప్రోటీన్లున్నాయి. ముఖ్యమైనవి జీక్యాప్‌లు. కాల్షియం ఎక్కువగా ఉన్నంత సేపూ అవి సైక్లిక్ జీఎంపీ తయారుచేసే సైక్లేజ్‌ని తొక్కిపెట్టి ఉంచుతాయి. కాల్షియం తగ్గితే వదిలేయడమే కాదు, ఉసిగొల్పుతాయి. సైక్లిక్ జీఎంపీ చకచకా తయారవుతుంది, మూసుకున్న గేట్లలో కొన్ని మళ్లీ తెరుచుకుంటాయి. రికవరిన్ అని ఇంకోటి ఉంది. కాల్షియం ఎక్కువున్నప్పుడు అది రోడాప్సిన్‌ని నిద్రపుచ్చే కైనేజ్ అనే ఎంజైమ్‌ని పట్టి ఆపుతుంది, తగ్గగానే వదిలేస్తుంది. అంటే కాల్షియం తగ్గడమే కణానికి "వెలుగొచ్చింది, సర్దుకో" అనే సంకేతం.

ఇప్పుడు నా రింగర్ దగ్గరికి రండి. బయట కాల్షియం లేదు, లోపలికి వచ్చేది లేదు. యంత్రం మాత్రం తోడుతూనే ఉంది. లోపలి మట్టం పడిపోయింది. జీక్యాప్‌లు మోసపోయాయి, గదిలో చిమ్మచీకటి ఉన్నా ఎండ కాస్తోందనుకుని సైక్లేజ్‌ని పరుగులు పెట్టించాయి. గేట్లు బార్లా తెరుచుకున్నాయి. పైగా మామూలుగా బయటి కాల్షియం ఆ గేట్ల దారిలో ఇరుక్కుని కొంత అడ్డు పడుతుంటుంది, ఆ అడ్డు కూడా తొలగింది. అందుకే కరెంటు అన్ని రెట్లు పెరిగింది, సోడియం నిండి కణం ఉక్కిరిబిక్కిరైంది.

తికమక పడింది నేనొక్కదాన్నే కాదు. 1970ల మొదట్లో విలియమ్ హేగిన్స్, వెలుగు పడితే రాడ్ లోపల కాల్షియం పెరుగుతుందని, అదే గేట్లు మూస్తుందని ప్రతిపాదించాడు. చాలామంది పదేళ్లకు పైగా ఆ దారిలోనే వెతికారు. 1985లో సోవియట్ యూనియన్ నుంచి ఫెసెంకో బృందం గేట్లు తెరిచేది సైక్లిక్ జీఎంపీయేనని చూపించింది. అదే ఏడాది యావ్, నకతాని వెలుగులో కాల్షియం తగ్గుతుందని చూపించారు. దిక్కే తిరగబడింది. పాత పుస్తకాల్లో, వాటిని చూసి రాసిన నోట్సుల్లో ఈ పాత కథ ఇంకా కనపడుతుంటుంది, జాగ్రత్త.

ఆ సంకేతం ఎంత అవసరమో 1988లో రెండు బృందాలు విడివిడిగా పరీక్షించాయి. బయటి ద్రావణాన్ని మార్చి, వెలుగు పడినా లోపలి కాల్షియం కదలకుండా కట్టిపడేశారు. అప్పుడు కణం వెలుగుకి సర్దుకోవడం దాదాపు మానేసింది. కొంచెం వెలుగుకే గేట్లన్నీ మూసేసి, ఆపైన ఎంత వెలుగొచ్చినా తేడా చెప్పలేకపోయింది. మ్యాట్నీ చూసి హాల్లోంచి బయటికి రాగానే కళ్లు బైర్లు కమ్మి, నాలుగు క్షణాల్లో రోడ్డు మామూలుగా కనిపిస్తుంది కదా. కంటిపాప ముడుచుకోవడం కొంత, కోన్లలో ఈ కాల్షియం సర్దుబాటు కొంత. రాత్రి కరెంటు పోయినప్పుడు చీకటికి అలవాటు పడటానికి అరగంట పట్టడం మాత్రం వేరే కథ, అది వెలుగుకి విరిగిన రోడాప్సిన్‌ని విటమిన్ ఎ రూపంతో మళ్లీ కూర్చుకోవడం. ఈ రెండూ కలిపేసి చెప్పేవాళ్లు చాలామంది.

రాడ్ కింది భాగంలో లెక్క వేరు. అక్కడ ఏటీపీతో నడిచే పంపులున్నాయి, మైటోకాండ్రియాలు గుంపుగా ఉండి పైభాగం కాల్షియం కిందికి పొంగకుండా కంచెలా అడ్డుకుంటాయి. అట్టడుగున, తర్వాతి కణానికి కబురందించే సినాప్స్ దగ్గర, క్యావ్1.4 అనే కాల్షియం గేటు ఉంటుంది. చీకట్లో అది తెరుచుకుని, కబురు మోసే గ్లూటమేట్ అనే రసాయనాన్ని విడుదల చేయిస్తూ ఉంటుంది.

ఇక మీ ఇంటి విషయం. తిన్న కాల్షియంలో ఒంటికి పట్టినది చేరేది రక్తంలోకి. రక్తంలో దాన్ని పారాథైరాయిడ్ గ్రంథులు, విటమిన్ డి, మూత్రపిండాలు, ఎముకలు కలిసి ఇరుకు హద్దుల్లో పట్టి ఉంచుతాయి. రెండు గ్లాసుల పాలు తాగినంత మాత్రాన ఆ 1 మిల్లీమోలార్ 2 కాదు, మానేస్తే అర కాదు. రాడ్ లోపల 250 ఉండాలా 23 ఉండాలా అనేది ఆ రాడ్ గేట్లు, యంత్రం తేల్చుకునే విషయం. మా అమ్మ ఎముకల కోసం కాల్షియం మాత్రలు వేసుకుంటుంది. "ఇవి కంట్లోకి పోతాయేమోనే" అని ఒకసారి ఆవిడా భయపడింది. ఇదే చెప్పాను. ఎదిగే పిల్లాడికి పాలు, పెరుగు ఆపితే నష్టం ఎముకలకే.

మరి కాల్షియంతో కణాలు చస్తాయన్న మాట ఎక్కడిది? పీడీఈ6 జన్యువు చెడిపోయిన ఎలుకల నుంచి. వాటిలో సైక్లిక్ జీఎంపీని విరగ్గొట్టేవాళ్లు ఉండరు, అది పేరుకుపోతుంది, గేట్లు మూసుకోవు, పుట్టిన మూడు వారాల్లో దాదాపు రాడ్లన్నీ పోతాయి. మనుషుల్లో రెటినైటిస్ పిగ్మెంటోసా (రెటీనా మెల్లగా దెబ్బతినే వంశపారంపర్య జబ్బు)లో ఒక రకం ఇదే జన్యువు వల్ల. అక్కడ కూడా చంపేది కాల్షియమా, పేరుకున్న సైక్లిక్ జీఎంపీయేనా అన్న వాదన తెగలేదు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది ఇంకో పోలిక. జీక్యాప్1 జన్యువులో కొన్ని మార్పులుంటే అది కాల్షియం పెరిగినా సైక్లేజ్‌ని ఆపదు. గేట్లు ఎక్కువ తెరుచుకుంటాయి, కోన్లు మెల్లగా పోతాయి. అది ముదిరే జబ్బు. అదే కాల్షియాన్ని బయటికి తోడే ఎన్‌సీకేఎక్స్1 యంత్రమే పుట్టుకతో లేకపోతే? ఉన్న ఒక్క దిక్కూ పోయింది కాబట్టి కణాలు వెంటనే చావాలనిపిస్తుంది. కానీ 2010లో పాకిస్తాన్‌కి చెందిన ఒక కుటుంబంలో ఈ జన్యువు చెడితే వచ్చింది ముదరని రేచీకటి. తర్వాత ఆ యంత్రం తీసేసిన ఎలుకల్లో చూస్తే రాడ్లు చాలా వరకు బతికే ఉన్నాయి, చీకటి కరెంటు మాత్రం బాగా తగ్గిపోయింది. నాకు అర్థమైనంత వరకు కారణం ఇది: కాల్షియం కొంచెం పెరగగానే జీక్యాప్‌లు సైక్లేజ్‌ని తొక్కేస్తాయి, గేట్లు మూసుకుంటాయి, వచ్చేదే తగ్గిపోతుంది. తోడేవాడు లేకపోయినా పోసేవాణ్ని ఆపేవాడున్నాడు. ఆ ఆపేవాడే చెడితే అసలు ప్రమాదం. అంటే "కాల్షియం జన్యువు" అని రిపోర్టులో రాగానే ఒకటే భవిష్యత్తు ఊహించుకోకూడదు.

కాల్షియం బ్లాకర్ మాత్రల గురించి: 1999లో ఒక ఫ్రెంచ్ బృందం డిల్టియాజెమ్ అనే కాల్షియం బ్లాకర్ ఇచ్చిన ఎలుకల్లో కోన్లు, రాడ్లు కొంత నిలబడ్డాయని రాసింది. ఆశలు రేగాయి. తర్వాత ఇతరులు కుక్కల్లో, ఎలుకల్లో చేసి చూస్తే ఆ లాభం కనపడలేదు. పైగా సినాప్స్ దగ్గరి క్యావ్1.4 గేటు పుట్టుకతో సరిగా పని చేయకపోతే, అంటే కాల్షియం రావాల్సిన చోట రాకపోతే, అది కూడా రేచీకటే. ఆ జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది, కాబట్టి ఎక్కువగా మగపిల్లల్లో కనిపిస్తుంది. ఏ గేటు చెడిందో తెలియకుండా గేట్లు మూసే మందు ఎవరైనా ఎలా ఇస్తారు? బీపీ లేని 16 ఏళ్ల పిల్లాడికి బీపీ మాత్రలు సొంతంగా ఇవ్వకండి. విటమిన్ ఎ మాత్రలు కూడా సొంత వైద్యంగా వద్దు. ఆహారలోపంతో వచ్చిన రేచీకటికి అది మందే, కానీ కొన్ని వంశపారంపర్య రెటీనా జబ్బుల్లో అది అదనంగా ఇవ్వకూడదు.

చేయాల్సింది రెండు. ఒకటి ఈఆర్‌జీ పరీక్ష. వెలుగుకి రెటీనా ఇచ్చే విద్యుత్ స్పందన కొలుస్తారు. లోపం రాడ్‌లోనే ఉందా, రాడ్ నుంచి కబురు ముందుకి పోవడంలో ఉందా అన్నది గీత ఆకారంలోనే చాలాసార్లు తెలుస్తుంది. రెండోది జన్యు పరీక్ష, దాంతో పాటు జన్యు సలహా. హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి లాంటి చోట్ల వంశపారంపర్య రెటీనా జబ్బులు చూసేవాళ్లున్నారు. అమ్మానాన్నలది మేనరికమైతే దాచకుండా చెప్పండి. అది తప్పు పట్టడానికి కాదు, ఏ రకం జన్యువుల్ని ముందు వెతకాలో వాళ్లకి అంచనా వస్తుంది.

మీ తమ్ముడికి చూపు చిన్నప్పుడు ఎంత ఉందో ఇప్పుడూ అంతే ఉందా, పక్క చూపు తగ్గుతూ వస్తోందా? మీరు ఆ మాట రాయలేదు. డాక్టర్ మొదట అడిగేది అదే, ముందే గమనించి పెట్టుకోండి. రిపోర్టు వచ్చాక జన్యువు పేరు మాత్రం ఇక్కడ రాయండి, వివరాలన్నీ అక్కర్లేదు. పీడీఈ6బీనా (పీడీఈ6 ఎంజైమ్‌ది), జీయూసీఏ1ఏనా (జీక్యాప్1ది), ఎస్ఎల్‌సీ24ఏ1నా (ఎన్‌సీకేఎక్స్1ది), సీఏసీఎన్ఏ1ఎఫ్‌నా (క్యావ్1.4ది) అన్నదాన్ని బట్టి ఏ గేటు, ఏ యంత్రం, ఏ కాపలాదారు అన్నది అప్పుడు చెప్తాను.